ఎవరు వస్తారు, ఏ రైలుకు వస్తారు: విక్టోరియా కాలపు బంధువుల ఉత్తరాలు

విక్టోరియా రాణి బ్రిటన్‌ను పాలించిన 1837–1901 సంవత్సరాల మధ్య అక్కడి కుటుంబాలు రాసుకున్న ఉత్తరాలు గ్రంథాలయాల్లోనూ పాత ఇళ్ల పెట్టెల్లోనూ ఇప్పటికీ అపారంగా నిలిచి ఉన్నాయి. వాటిని తెరిచి చూస్తే రాజకీయాలూ గ్రంథచర్చలూ అక్కడక్కడా మాత్రమే కనిపిస్తాయి. పుటల నిండా ఉండేది పిల్లవాడికి దగ్గు తగ్గిందా లేదా, వదినకు నెలలు నిండుతున్నాయి కనుక పురుటికి ఎవరు వెళ్లాలి, మేనత్త మంగళవారం వస్తుందా గురువారం వస్తుందా, స్టేషనుకు బండి ఎన్నింటికి పంపాలి అన్న సమాచారమే. ప్రముఖుల ఉత్తరాలను అచ్చువేసిన సంపాదకులు చాలాకాలం ఈ భాగాలను అనవసరమని కత్తిరించి, ఆలోచనలున్న వాక్యాలనే మిగిల్చేవారు. ఆ కత్తిరింపు వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. ఆస్పత్రి అంటే ప్రధానంగా బీదలు చేరే చోటని భావిస్తూ, జబ్బునూ పురుడునూ చావునూ ఇంట్లోనే ఎదుర్కొన్న మధ్యతరగతి, సంపన్న కుటుంబాలలో ఏ ఇంటికి ఎప్పుడు ఎవరి సాయం అందాలో నిర్ణయించింది ఈ కుశలవార్తలే. వాటిని పక్కనపెట్టి ఆ కుటుంబాల జీవితాన్ని అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

ఈ ఉత్తరాల వెల్లువకు మూలం ఒక ధర. 1840కి ముందు బ్రిటన్‌లో ఉత్తరపు రుసుము దూరాన్ని బట్టీ కాగితాల సంఖ్యను బట్టీ పెరిగేది, పైగా దాన్ని సాధారణంగా అందుకున్నవారే చెల్లించవలసి వచ్చేది. కవరు వాడితే అది రెండో కాగితంగా లెక్కకు వచ్చేది కనుక ఒకే కాగితాన్ని మడిచి, లక్కముద్ర వేసి, వెలుపలి వైపు చిరునామా రాసేవారు. చోటు చాలకపోతే రాసిన పుటను పక్కకు తిప్పి, మొదటి వరుసలకు అడ్డంగా వాటి మీదుగానే మళ్లీ రాసేవారు. రుసుము భరించలేనివారు ఉపాయాలు వెతుక్కున్నారు. అప్పట్లో ముద్రసుంకం చెల్లించిన వార్తాపత్రికలు తపాలాలో ఉచితంగా వెళ్లేవి కాబట్టి, చదివేసిన పత్రిక మీద ముందే అనుకున్న గుర్తు పెట్టి బంధువులకు పంపడం అందులో ఒకటి. లండన్‌లో స్థిరపడిన రచయిత థామస్ కార్లైల్‌కూ స్కాట్లండులోని అతని కుటుంబానికీ మధ్య పత్రిక మీద రెండు గీతలు కనబడితే అందరూ క్షేమమని అర్థం. అతని తల్లి మార్గరెట్‌కు మొదట చదవడమే గాని రాయడం వచ్చేది కాదు. కొడుకు ఉత్తరాలకు తానే జవాబు ఇవ్వాలన్న ఆశతో ఆమె పెద్ద వయసులో రాత నేర్చుకుంది.

రోలండ్ హిల్ అనే సంస్కర్త 1837లో ప్రచురించిన ఒక చిన్న పుస్తకంలో ఈ పద్ధతిని తప్పుపట్టాడు. ఉత్తరాన్ని మోయడానికి అయ్యే అసలు ఖర్చులో దూరం పాత్ర చాలా తక్కువనీ, లెక్కలు కట్టడానికీ ఇంటింటా డబ్బు వసూలు చేయడానికే ఎక్కువ ఖర్చవుతోందనీ చూపి, దేశమంతటికీ ఒకే తక్కువ రుసుము పెట్టి పంపేవారి దగ్గరే ముందుగా తీసుకోవాలని అతడు వాదించాడు. 1840 జనవరి 10 నుంచి అర ఔన్సు బరువు వరకు ఉత్తరానికి ఒక పెన్నీ అన్న నియమం అమలులోకి వచ్చింది, అదే ఏడాది మేలో పెన్నీ బ్లాక్ అనే తపాలా బిళ్ల వాడుకలోకి వచ్చింది. 1839లో సుమారు 7.6 కోట్లుగా ఉన్న ఉత్తరాల సంఖ్య మరుసటి ఏడాదికే సుమారు 16.9 కోట్లకు చేరింది. ఇక ఉత్తరం రాయడానికి పెద్ద విశేషమేదో జరగనక్కరలేదు. పిల్లకు పన్ను వచ్చినా, పాలేరు మానేసినా, వర్షం వల్ల ప్రయాణం ఆగినా ఉత్తరం రాయవచ్చు; ఈ కబుర్లు రోజువారీగా నడవడం వల్లనే, కష్టం వచ్చిన రోజున ఎవరి ఇంట పరిస్థితి ఏమిటో, ఎవరు కదలగలరో బంధువులందరికీ ముందే తెలిసి ఉండేది.

దీన్ని దగ్గరగా చూడడానికి డార్విన్, వెడ్జ్‌వుడ్ కుటుంబాలకు మించిన ఉదాహరణ దొరకదు. ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ 1839 జనవరి 29న పెళ్లాడిన ఎమ్మా వెడ్జ్‌వుడ్ అతనికి స్వయానా మేనమామ కూతురు. అంతకు రెండేళ్ల ముందే చార్లెస్ అక్క కరొలైన్‌ను ఎమ్మా పెద్దన్న జొసయా చేసుకున్నాడు. అంటే ఒకే తరంలో మేనరికమూ కుండమార్పిడీ రెండూ జరిగి, ఎవరు ఎవరికి ఏమవుతారో రెండు వరుసలలో చెప్పవలసినంతగా ఆ రెండు కుటుంబాలు కలిసిపోయాయి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి పిల్లల ఆరోగ్యానికి హాని చేస్తుందేమోనన్న దిగులు తర్వాతి కాలంలో డార్విన్‌ను వెంటాడింది. 1871 జనాభా లెక్కలలో మేనరికాల గురించి ఒక ప్రశ్న చేర్పించాలని అతడు మిత్రుల ద్వారా ప్రయత్నించాడు గాని పార్లమెంటు ఒప్పుకోలేదు. ఆ దిగులు ఎలా ఉన్నా, ఈ రెట్టింపు బంధుత్వం వల్ల ఎమ్మాకు అత్తవారూ పుట్టింటివారూ ఒకే ఉత్తరాల వలయంలో ఉండేవారు. ఒకరికి వచ్చిన ఉత్తరాన్ని పదిమందిలో పైకి చదవడం, ఇంకో ఇంటికి పంపడం సాధారణం. అందువల్ల అందరూ చూడదగని మాట ఏదైనా ఉంటే దాన్ని విడి కాగితం మీద రాసి జతచేసే మర్యాద కూడా ఆ కాలపు కుటుంబాలలో ఉండేది.

1842లో చార్లెస్ దంపతులు లండన్ విడిచి, అక్కడికి పదహారు మైళ్ల దూరాన కెంట్ ప్రాంతంలోని డౌన్ అనే ఊరిలో ఇల్లు కొన్నారు. తరచు వాంతులు, నిస్సత్తువలతో బాధపడిన చార్లెస్‌కు జనసందడి సరిపడేది కాదు, కాని బంధువులు లేని ఇల్లు ఎమ్మాకు ఊహకందనిది. ఈ రెండింటి మధ్య సమతూకం కుదర్చడమే ఆమె ఉత్తరాలలోని రాకపోకల ఏర్పాట్ల సారాంశం. వచ్చేవారు ఎన్ని రోజులుంటారు, వారితో పిల్లలు వస్తారా, ఆ వారం చార్లెస్ ఒంట్లో ఎలా ఉంది అన్నవి చూసుకుని ఆమె తేదీలు ఇచ్చేది. అతని ఆరోగ్యం తిరగబడితే మర్నాటి టపాలోనే వాయిదా వేసేది. వచ్చినవారితో చార్లెస్ కొద్దిసేపు మాట్లాడి, అలసట కనిపించగానే లేచి లోపలికి వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఎమ్మా దశాబ్దాల పాటు జేబు డైరీలు రాసింది. వాటిలో మనసులోని మాటలు దాదాపు ఉండవు. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, ఏ పిల్లకు జ్వరం, చార్లెస్‌కు ఆ రోజు ఎలా ఉంది అన్నవి ఒకటి రెండు ముక్కల్లో ఉంటాయి. ఆమె ఎంత బరువు మోసిందో తెలియాలంటే ఆ పొడి ముక్కలను ఏళ్ల తరబడి వరుసగా చదవాలి.

బంధువుల రాకకూ పరిచయస్తుల రాకకూ ఆ సమాజం స్పష్టమైన తేడా పాటించేది. పరిచయస్తులది లాంఛనపు సందర్శన. ఉదయపు సందర్శన అన్న పేరే ఉన్నా నిజానికి అది మధ్యాహ్నం మూడు గంటల తర్వాత జరిగేది, పావుగంట నుంచి అరగంటకు మించేది కాదు, ఇంటావిడ లేకపోతే పేరు అచ్చువేసిన చిన్న కార్డు వదిలి వెళ్లేవారు. బంధువుల రాక అంటే మాత్రం పెట్టెలతో దిగి వారాల తరబడి ఉండడం. పెళ్లికాని అక్కాచెల్లెళ్లూ మేనత్తలూ ఇలా ఇల్లు మారుతూ ఉండేవారు. వారిని ఇతరుల ఇళ్లలో కాలక్షేపం చేసేవారిగా చూడడం అన్యాయం. పురుడు, పిల్లల జబ్బులు, మరణశయ్య పక్కన జాగారం అన్నీ వారి చేతుల మీదుగానే జరిగేవి, వారి శ్రమకు జీతమూ లేదు, జీవితచరిత్రలలో చోటూ లేదు.

ఈ ఏర్పాట్ల బలమూ పరిమితీ 1851లో డార్విన్ కుటుంబానికి వచ్చిన కష్టంలో ఒకేచోట కనిపిస్తాయి. పదేళ్ల కూతురు ఆనీ నెలల తరబడి నలతగా ఉండడంతో, మార్చి చివర చార్లెస్ ఆమెను మాల్వెర్న్ అనే ఊరికి, చల్లని తడిగుడ్డలతోనూ స్నానాలతోనూ చికిత్స చేసే డాక్టర్ జేమ్స్ గల్లీ దగ్గరకు తీసుకువెళ్లాడు. చెల్లెలు హెన్రియెటానూ దాదినీ తోడుగా ఉంచి అతడు తిరిగి వచ్చాడు. ఏప్రిల్ మధ్యలో పిల్ల పరిస్థితి విషమించిందన్న కబురు అందింది. ఎమ్మా నిండు గర్భిణి, ప్రయాణం చేయగల స్థితిలో లేదు. చార్లెస్ ఒక్కడే మాల్వెర్న్ చేరుకున్నాడు. అతని వెనకే ఎమ్మా వదిన, అంటే అన్న హెన్స్‌లీ భార్య ఫానీ వెడ్జ్‌వుడ్, తన ఇల్లూ పిల్లలనూ వదిలి వెళ్లి మంచం పక్కన నిలిచింది. ఆ రోజుల్లో చార్లెస్ భార్యకు రాసిన ఉత్తరాలు ఒక్కో రోజులోనే గంట గంటకూ పెరుగుతూ పోయాయి: పిల్ల ఎంత తాగింది, నాడి ఎలా ఉంది, వాంతి ఆగిందా, డాక్టరు ఏమన్నాడు. ఉత్తరం డౌన్ చేరేలోగా పరిస్థితి మారిపోయేది. గడిచిపోయిన గంటలలోని ఆశకు ఎమ్మా జవాబు రాసేది, ఆ జవాబు చేరేసరికి అక్కడ ఆ ఆశ మిగిలి ఉండేది కాదు.

ఏప్రిల్ 23 మధ్యాహ్నం ఆనీ కన్నుమూసింది. ఆ మర్నాడే చార్లెస్ కూతురి అంత్యక్రియల కోసం ఆగకుండా భార్య దగ్గరకు బయలుదేరాడు. ఖననం జరిపించే బాధ్యతను ఫానీ, హెన్స్‌లీ దంపతులు తీసుకున్నారు. తండ్రి లేకుండా బిడ్డను మట్టిలో పెట్టడం బయటివారికి కఠినంగా తోచవచ్చు గాని, పోయిన బిడ్డ దగ్గర నిలబడడానికి మనుషులున్నారు, పుట్టబోయే బిడ్డను మోస్తున్న తల్లి దగ్గరకు వెళ్లవలసినవాడు మాత్రం భర్త ఒక్కడే అన్న లెక్క అందులో ఉంది. మే 13న ఎమ్మాకు హొరేస్ పుట్టాడు. ఏళ్ల తరబడి సాగిన రాకపోకలూ ఉత్తరాలూ లేకపోతే, ఆ నాలుగు రోజుల్లో ఫానీ ఏమీ అడగకుండానే చేయవలసింది తెలుసుకుని చేయగలిగేది కాదు.

ఏడేళ్ల తర్వాత ఇలాంటి ఏర్పాటే శాస్త్రచరిత్రలోకి కూడా చేరింది. 1858 జూన్‌లో మరో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పంపిన వ్యాసం డార్విన్‌కు అందింది, అందులో ప్రకృతి వరణం గురించి డార్విన్ ఇరవై ఏళ్లుగా పెంచుకుంటున్న భావమే ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్లో చర్మం ఎర్రబారి గొంతు వాచే స్కార్లెట్ జ్వరం వ్యాపించి, ఏడాదిన్నర వయసున్న చివరి కొడుకు చార్లెస్ వేరింగ్ జూన్ 28న చనిపోయాడు. మిగతా పిల్లలకు సోకకుండా వారిని ససెక్స్‌లోని హార్ట్‌ఫీల్డ్‌లో ఉన్న పెద్దమ్మ, అంటే ఎమ్మా అక్క ఎలిజబెత్ దగ్గరకు తరలించారు. జూలై 1న లండన్‌లోని లినియన్ సొసైటీ అనే శాస్త్ర సంఘంలో ఇద్దరి రచనలనూ కలిపి చదివినప్పుడు డార్విన్ అక్కడ లేడు. జీవపరిణామ సిద్ధాంతం లోకానికి వెల్లడైన ఆ వారంలో ఆ ఇంట్లోని ప్రశ్న పిల్లలను ఎవరు తీసుకుంటారన్నది, దానికి జవాబు ఒక పెళ్లికాని అక్క ఇచ్చింది.

రైలు లేకుండా ఈ కదలికలు ఇంత వేగంగా సాగేవి కావు. డార్విన్ దంపతులు పెళ్లైన రోజునే రైలెక్కి లండన్ వెళ్లారు. రైళ్ల వేళలను ఒకచోట చేర్చిన బ్రాడ్‌షా పట్టికల పుస్తకం మొదలైంది కూడా 1839లోనే. అప్పటి నుంచి ఆహ్వానం అంటే రమ్మనడంతో పూర్తయ్యేది కాదు. ఏ రైలు, ఏ స్టేషను, ఎన్ని పెట్టెలు, బండి వస్తుందా లేక అద్దెబండి మాట్లాడుకోవాలా అన్న వివరం తప్పనిసరి అయింది. 1844లో వచ్చిన రైల్వే చట్టం ప్రతి మార్గంలోనూ రోజుకు ఒక్కటైనా మైలుకు పెన్నీ ఛార్జీతో, కప్పు ఉన్న పెట్టెలతో మూడో తరగతి రైలు నడపాలని ఆదేశించింది. దాని మేలు కొంత పేదలకూ దక్కింది. అయితే ఇళ్లలో పనిచేసే ఆడపిల్లలకు, 1891 నాటికి పది లక్షలకు మించి ఉన్న వారికి, ఛార్జీ ఉన్నా సెలవు దొరకడమే కష్టం. తల్లిని చూడడానికి వెళ్లే రోజు యజమానురాలి దయ మీద ఆధారపడేది. 1834 బీదల చట్టం కింద నడిచిన అనాథ శ్రమశాలలలో చేరినవారి స్థితి ఇంకా దారుణం. భార్యాభర్తలనూ తల్లీపిల్లలనూ వేరువేరు విభాగాలలో ఉంచేవారు కనుక ఒకే గోడల లోపల ఉన్న సొంత బిడ్డను చూడాలన్నా అనుమతి కావాలి. విక్టోరియా కాలపు కుటుంబ ఆప్యాయతను కీర్తించేటప్పుడు, ఆ ఆప్యాయతను అనుభవించే హక్కు అందరికీ సమానంగా లేదన్న సంగతి మరుగున పడకూడదు.

చావు వార్త పంపడానికి ప్రత్యేకమైన కాగితం ఉండేది. దాని అంచుల చుట్టూ నల్లని పట్టీ, కవరుకూ అదే పట్టీ. దుఃఖం కొత్తదైనప్పుడు వెడల్పుగా ఉన్న పట్టీ నెలలు గడిచే కొద్దీ సన్నబడుతుంది. మన వైపు నాలుగు మూలలా పసుపు పూసిన ఉత్తరం చేతికి రాగానే శుభవార్త అని తెలిసినట్టు, అక్కడ ఆ నల్లని అంచు కవరు విప్పకముందే గుండెను సిద్ధం చేసేది. 1870లో ప్రభుత్వం తంతి వ్యవస్థను తన చేతిలోకి తీసుకుని ఇరవై మాటలకు ఒక షిల్లింగు చొప్పున వార్తలు పంపడం మొదలుపెట్టాక, మొదటి కబురు తంతితోనూ వివరం ఉత్తరంతోనూ రావడం ఆనవాయితీ అయింది.

రాజకుటుంబం కూడా ఈ ఏర్పాట్లకు అతీతం కాదు. విక్టోరియా పెద్ద కూతురు, అదే పేరున్న రాకుమారి, పదిహేడేళ్ల వయసులో 1858 జనవరిలో ప్రష్యా యువరాజును పెళ్లాడి వెళ్లాక, తల్లీకూతుళ్లు నాలుగు దశాబ్దాలకు పైగా ఉత్తరాలు రాసుకున్నారు. ఆ ఆగస్టులో రాణి వెళ్లి కూతురిని చూసి వచ్చింది గాని, 1859 జనవరిలో మొదటి మనవడు విల్‌హెల్మ్ ప్రాణాపాయకరమైన కాన్పులో పుట్టినప్పుడు ఆమె దగ్గర లేదు. సామ్రాజ్యానికి అధిపతి అయినా తొలి కాన్పుకు బిడ్డ పక్కన ఉండలేని తల్లిగానే ఆ ఉత్తరాలలో ఆమె కనిపిస్తుంది.

సముద్రం అడ్డం వచ్చినచోట ఈ వలయం దాదాపు తెగిపోయేది. దానికి ఉదాహరణ రాజమండ్రిలోనే ఉంది. అక్కడ జడ్జిగా పనిచేసిన జేమ్స్ థామస్ భార్య జూలియా 1836–1839 మధ్య మద్రాసు నుంచీ గోదావరి తీరం నుంచీ ఇంగ్లండులోని తల్లికీ తనవారికీ రాసిన ఉత్తరాలు 1843లో రచయిత్రి పేరు లేకుండా పుస్తకంగా వెలువడ్డాయి. ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లే తెరచాప ఓడలలో ఒక ఉత్తరానికి నాలుగైదు నెలలు పట్టే కాలమది. బిడ్డకు జబ్బు చేసిందని రాస్తే ఆ ఉత్తరం తల్లికి చేరేలోగా బిడ్డ కోలుకోనూవచ్చు, పోనూవచ్చు. అందుకే ఇక్కడి నుంచి వెళ్లిన ఉత్తరాలు పురుటి సాయం అడగలేవు, రాక తేదీలు ఖాయం చేయలేవు. ఇల్లు, నౌకర్లు, ఎండ, చుట్టూ చూసిన మనుషులు, వీటిని వర్ణించి దూరాన్ని తట్టుకోవడమే వాటి పని. ఈజిప్టు మీదుగా ఆవిరి ఓడలు నడిచాకా, 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాకా, 1870లో సముద్రగర్భ తంతి తీగ బొంబాయికి చేరాకా గాని ఆ దూరం తగ్గలేదు.

1882 ఏప్రిల్ 19న చార్లెస్ మరణించాక ఎమ్మా చలికాలాలు కేంబ్రిడ్జిలో కొడుకుల కుటుంబాల దగ్గరగానూ, వేసవులు డౌన్‌లోనూ గడుపుతూ 1896 వరకు జీవించింది. అంతకుముందు 1876లో, ఏమీ అనే కోడలు పురుట్లో చనిపోతే, అరవై ఎనిమిదేళ్ల వయసులో ఆమె పసివాడు బెర్నార్డ్‌ను పెంచే భారం ఎత్తుకుంది. కూతురు హెన్రియెటా ఈ కుటుంబపు ఉత్తరాలన్నీ సేకరించి, మొదట 1904లో బంధువుల కోసం, తర్వాత 1915లో అందరి కోసం అచ్చువేయించింది. మాల్వెర్న్‌లో అక్క పక్కన ఉన్న ఏడేళ్ల చెల్లెలు ఆమే.

అదే 1915లో అమెరికాలోని ఒక క్రైస్తవ పత్రికలో ఒక కథనం వచ్చింది. లేడీ హోప్ అనే మతప్రచారకురాలు తాను డౌన్ ఇంటికి వెళ్లి, మంచం పట్టిన డార్విన్ భక్తితో బైబిలు చదువుతుండగా చూశానని చెప్పింది. ఈ లేడీ హోప్ మరెవరో కాదు, ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ కూతురు, 1900లో తండ్రి జీవితచరిత్ర వెలువరించిన ఎలిజబెత్. ఆ కథనం దేశదేశాలకు పాకి, మరణశయ్య మీద డార్విన్ మనసు మార్చుకున్నాడన్న ప్రచారంగా మారింది. 1922లో హెన్రియెటా బహిరంగంగా జవాబు ఇచ్చింది: తండ్రి చివరి రోజుల్లో తాను పక్కనే ఉన్నాననీ, ఆ చివరి జబ్బులో గాని అంతకుముందు ఏ జబ్బులో గాని లేడీ హోప్ ఆ ఇంటికి రాలేదనీ ఆమె స్పష్టం చేసింది. ఆ ఇంటికి ఎవరు ఎప్పుడు వచ్చారో చెప్పగలిగే అర్హత ఆమెకు ఉంది. తల్లి రాసిన ఉత్తరాలనూ, తల్లికి వచ్చిన ఉత్తరాలనూ ఒక్కొక్కటిగా చదివి, తేదీలు సరిచూసి, అచ్చుకు సిద్ధం చేసింది ఆమే.